శనివారం తగ్గే అంకె

డార్విన్,
ఏప్రిల్ చివరి వారం

బావగారికి చాముండేశ్వరి నమస్కారాలు.

మీ ఇంటికి ఉత్తరం రాద్దామని కూర్చుంటే చెయ్యి దానంతటదే "అక్కా" అని రాసేసింది. ఆ కాగితం చింపేసి ఇది మొదలుపెట్టాను. ఇదే ఆస్ట్రేలియాలో ఉండి, చేతిలో ఫోన్లుండి కూడా, మేమిద్దరం నెలనెలా ఉత్తరాలు రాసుకున్నాం. ఈ అక్కాచెల్లెళ్ల పుణ్యమా అని పోస్టాఫీసు మూతపడకుండా ఉందని మీరు వెక్కిరించేవారు. ఇప్పుడు ఆ పోస్టాఫీసును నిలబెట్టే పూచీ మీ మీద పడింది. ఫోన్లో మాట్లాడదామంటే మీ చెవి మిషను ఈల వేస్తుంది, మీరు "సరే సరే" అని పెట్టేస్తారు. కాబట్టి రాయక తప్పదు మీకు.

అసలు సంగతికి వస్తాను. మీరు హీటర్ వేయడం లేదు.

మీ హాల్లో గోడకున్న థెర్మోస్టాట్ గది వేడితో పాటు పెరట్లోని గ్యాస్ ట్యాంకులో ఎంత మిగిలిందో కూడా చూపిస్తుంది కదా. కిందటి చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టి ట్రక్కు రాలేదు, ట్యాంకు ఖాళీ అయింది, కీమో చేయించుకుని వచ్చిన అక్క మూడు రగ్గుల కింద తెల్లారేదాకా వణికింది. ఆ తర్వాతే మీరు దాన్ని పెట్టించారు. పెట్టించిన రోజే అక్క దాన్ని నా ఫోనుకి కలిపింది. "మీ బావ మట్టి తప్ప ఇంకేం చూడరే, నువ్వు చూస్తుండు" అంది. తిప్పే అధికారం నాకివ్వలేదు. నాకు కనిపించేది ట్యాంకు అంకె ఒక్కటే.

జనవరిలో అక్క పోయాక ఆ యాప్ తీసేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇప్పుడు రోజూ చూస్తున్నాను. అరవై ఎనిమిది. నిన్నా అంతే, మొన్నా అంతే. మీ ఆర్మిడేల్‌లో అప్పుడే చలికాలం మొదలై, పొద్దున పూట గడ్డి మీద మంచు పేరుకుంటోందని చెబుతున్నారు. ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని మీ వల్ల నేను వణుకుతున్నాను.

హీటర్ వేయండి. వేశారో లేదో చెప్పనక్కర్లేదు, నాకు తెలుస్తుంది.

మీ మరదలు
చాముండి

*

ఆర్మిడేల్,
మే రెండో వారం

చిరంజీవి చాముండికి ఆశీస్సులు.

పోలీసు ఉద్యోగంలో చేరాల్సినదానివి, పొరపాటున మత్తు డాక్టరువయ్యావు. మనుషుల్ని నిద్రపుచ్చే పని నీది, నన్ను మాత్రం నిద్రపోనివ్వవు.

నేల శాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. గడ్డకట్టిన పొలాల్లో మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వితీసినవాణ్ణి. ఈ చలి నన్నేం చేస్తుంది? స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, మీ అక్క అల్లిన ఆ వంకర మఫ్లర్ చుట్టుకుని, రాజాలా ఉన్నాను.

ఇంతవరకూ రాసి చదువుకున్నాను. నువ్వు నమ్మవు. సరే, ఉన్నది చెబుతాను. హీటర్ వేస్తే హాల్లో నేల మీదున్న జాలీలోంచి వేడి గాలి వస్తుంది. మీ అక్క దాని పక్కన చిన్న పీట వేసుకుని, కాళ్లు జాలీ మీద పెట్టుకుని కూర్చునేది. గాలికి చీర కుచ్చిళ్లు ఊగుతుండేవి. నీకు ఉత్తరాలు రాసింది కూడా అక్కడే కూర్చుని. ఇప్పుడు హీటర్ వేస్తే ఆ గాలి వచ్చి ఖాళీ పీటకి తగులుతోంది. మార్చి చివర్లో ఒకసారి వేశాను. చూడలేక ఆపేశాను. ఇది పొదుపు కాదు. పిసినారినని నువ్వు అనుకున్నా నాకు ఫర్వాలేదు, ఆ మాటే నయం.

అక్షర సిడ్నీ నుంచి వారం వారం ఫోను చేసి, "నాన్నా, జస్ట్ కమ్ అండ్ లివ్ విత్ అజ్" అంటుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి రాదు, నాకు దాని ప్రేమ అర్థమవుతుంది గాని స్కోఫీల్డ్స్‌లోని వాళ్లింటికి కాలు కదలదు. అల్లుడు భార్గవ్ మంచివాడు, మేడ మీద గది నాకోసం ఖాళీగా ఉంచాడట. నేను ఈ ఇంట్లోనే ఉంటాను. పోయినా ఇక్కడే పోతాను.

ఈ మధ్య ఆకలి కాస్త తగ్గింది. వయసు. నువ్వు వేళకి తింటున్నావా?

ఆశీస్సులతో
ద్వారకానాథ్

*

డార్విన్,
జూన్ మొదటి వారం

బావగారూ,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఆ పీట గురించి మీరు రాయకుండా ఉండాల్సింది, రాసినందుకు మంచిదే అయింది. నేనొక్కదాన్నే కాదు ఇలా ఉన్నదని తెలిసింది.

ఏడవడం అయింది, ఇక తిడతాను. ఆకలి తగ్గిందని ఒక్క ముక్కలో రాసి, నా భోజనం మీదికి మాట మళ్లించారు. నేను డాక్టర్నని మర్చిపోయారా? రేపే వెళ్లి రక్త పరీక్ష చేయించుకోండి. ఏమొచ్చిందో నాకు రాయండి.

హీటర్ సంగతి. మీకు తెలియని ముచ్చట ఒకటి చెబుతాను. మీ చలికి దోసెల పిండి పులవదని అక్క శనివారం రాత్రి గిన్నె తెచ్చి ఆ జాలీ పక్కన పెట్టి, థెర్మోస్టాట్ పైకి తిప్పి పడుకునేది కదా. ఇక్కడ నాకు ఆదివారం పొద్దున అంకె మిగతా రోజులకంటే ఎక్కువ తగ్గి కనిపించేది. ఓహో, ఇవాళ దోసెలన్నమాట అనుకునేదాన్ని. నేను సెలవు పెట్టి రాకముందు, కీమోతో అక్క ఏమీ తినలేకపోయిన రోజుల్లో కూడా ఆ తగ్గడం ఆగలేదు. మీకోసం పిండి రుబ్బింది మహాతల్లి.

నాకు ఆ ఇంట్లో ఇంకా ఒక మనిషి ఉన్నారని అనిపించడానికి ఆ అంకె తగ్గాలి బావగారూ. అమ్మానాన్నలు లేరు, అక్క లేదు, పెళ్లి నేను చేసుకోలేదు. పుట్టింటి వైపు నాకు మిగిలింది మీరొక్కరే. పగలూ రాత్రీ వేసి ఉంచండి. మీకోసం కాదు, నాకోసం.

చాముండి

*

ఆర్మిడేల్,
జూన్ చివరి వారం

చిరంజీవి చాముండికి,

ఆజ్ఞ శిరసావహించాను. ఇక నుంచి హీటర్ పగలూ రాత్రీ ఆగదు. నీ ఫోను చూసుకో, ఈ ఉత్తరం అందేలోపే నీకు తెలిసి ఉంటుంది.

రక్త పరీక్ష చేయించాను. రక్తం కొంచెం తక్కువగా ఉందన్నారు, మాత్రలిచ్చారు. అంతే. అక్షరని అడిగినా ఇదే చెబుతుంది.

ఇక్కడ పొద్దున పొగమంచు పదింటిదాకా వదలడం లేదు. కంచె మీద మ్యాగ్‌పై పిట్ట వచ్చి కూర్చుని, మీ అక్క వేసే అన్నం మెతుకులకోసం నన్ను కోపంగా చూస్తోంది. పెడుతున్నానులే.

నిన్ను ఒకటి అడగాలి. మీ అక్కని సాగనంపి నువ్వు వెళ్లిపోయిన రోజు, ఎయిర్‌పోర్టులో ఒక కుర్చీలో కూర్చున్నావు. విమానం పిలుస్తున్నా లేవలేదు. నేను చెయ్యి పట్టుకుని లేపాను. మూడు నెలలు సెలవు పెట్టి, డాక్టరుగా, నర్సుగా, చెల్లెలిగా అన్నీ నువ్వే చేశావు. ఇప్పుడు నిద్ర పడుతోందా? ఆ కుర్చీలోని మొహం నాకు తరచూ గుర్తొస్తోంది.

ఆశీస్సులతో
ద్వారకానాథ్

*

డార్విన్,
జూలై రెండో వారం

బావగారికి నమస్కారాలు.

తగ్గుతోంది! రోజూ పొద్దున ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లేముందు చూసుకుంటున్నాను. నిన్నటికంటే ఇవాళ తక్కువ. మా నర్సు కిరణ్మయి "ఏంటి మేడమ్, షేర్లా? పడిపోతుంటే అంత హ్యాపీగా ఉన్నారు?" అని అడిగింది. మా బావగారు వెచ్చగా ఉన్నారమ్మా అని చెప్పాను. ఏం అర్థమైందో దానికి.

నిద్ర గురించి అడిగారు. మొదట్లో పట్టలేదు. ఇప్పుడు పడుతోంది, ఆ అంకె వల్లే. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఒక్కటే నాకు నచ్చలేదు. దోసెలు మానేశారా? ఆదివారం పొద్దున కూడా అన్ని రోజుల్లాగే తగ్గుతోంది. గీత గీసినట్టు, రోజూ ఒకే లెక్క. మీరు పిండి రుబ్బడం నేర్చుకున్నారని అక్క చెప్పింది. ఒక్కరికోసం ఎవరు రుబ్బుతారని అనకండి. మీకోసం మీరు రుబ్బుకోండి.

ఇంకోటి, మీ అక్షరాలు ఎందుకలా వణికాయి?

చాముండి

*

ఆర్మిడేల్,
జూలై చివర

చిరంజీవి చాముండికి,

నీ కంట పడకుండా ఏదీ దాగదు. అయితే ఈసారి నీ లెక్క తప్పింది. రోజంతా ఇల్లు వెచ్చగానే ఉంటోంది కదా, ఇక శనివారానికి ప్రత్యేకంగా పైకి తిప్పడం దేనికి? పిండి ఏ రోజు పెట్టినా పులుస్తోంది. మొన్ననే పోశాను. మొదటి దోసె పెనానికి అంటుకుపోయింది, రెండోది ఆస్ట్రేలియా పటంలా వచ్చింది, టాస్మానియా విడిగా పడింది. మూడోది బాగుంది. అల్లం పచ్చడితో తిన్నాను.

అక్షరాలంటావా, పెన్ను మంచిది కాదు.

నువ్వు నిద్రపోతున్నావని రాశావు చూడు, ఆ వాక్యం నాలుగైదుసార్లు చదువుకున్నాను. అలాగే నిద్రపో. అంకె తగ్గుతూనే ఉంటుంది.

ఆశీస్సులతో
ద్వారకానాథ్

*

డార్విన్,
ఆగస్టు రెండో వారం

ద్వారకానాథ్ గారికి,

బావగారూ అని రాయడానికి కోపం అడ్డొస్తోంది.

పోయిన వారం ట్యాంకు పదికి దిగింది. అక్క వణికిన ఆ రాత్రి తర్వాత మూడోవంతు మిగిలి ఉండగానే ట్రక్కుకి ఫోను చేసే మనిషి మీరు. పది దాకా ఊరుకోరు మీరు. గ్యాస్ కంపెనీకి నేనే ఫోను చేశాను. ట్రక్కు నడిపే అతను మీ ఇంటిదాకా వెళ్లి, తిరిగి నాకు చేశాడు. గేటుకి తాళం ఉందట. కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయట. ఎప్పుడు వచ్చినా పెద్దాయన బయటికొచ్చి, గ్యాస్ ఎక్కుతున్నంతసేపూ పక్కనే నిలబడి మట్టి గురించి పాఠం చెబుతాడు, ఇవాళ ఎవరూ రాలేదు, ఆయన బాగానే ఉన్నారా అని నన్నడిగాడు.

అక్షరకి చేశాను. "పిన్నీ, హీ మేడ్ మీ ప్రామిస్" అని ఏడ్చింది. తర్వాత అంతా చెప్పింది.

కాలేయంలో మొదలై ఎముకలదాకా వెళ్లిందట. నేను చేయించుకోమన్న పరీక్షలోనే బయటపడిందట. జూన్ నుంచి మీరు సిడ్నీలో ఉన్నారట, కొన్నాళ్లు స్కోఫీల్డ్స్ ఇంట్లో, కొన్నాళ్లు ఆస్పత్రిలో. మీ టపా అంతా అది తన ఇంటికి మళ్లించుకుందట. నా ఉత్తరాలు మంచం దగ్గరికి తెచ్చి ఇచ్చేదట.

మరి నేను రోజూ చూసిందేమిటి? పొద్దున్నే చూసి, మా బావ వెచ్చగా ఉన్నారని అందరికీ చెప్పుకున్నానే, అదేమిటి? ఆ ఇంట్లో ఎవరు ఉన్నారని నేను నిద్రపోయాను?

శనివారం అంకె నాకు చెప్పింది. ఆ ఇంట్లో పిండి గిన్నె లేదు, మనిషి లేడు అని చెప్పింది. నేను దాన్ని నమ్మకుండా మీ టాస్మానియా దోసెని నమ్మాను.

చాముండేశ్వరి

*

సిడ్నీ, ఆస్పత్రి నుంచి,
ఆగస్టు మూడో వారం

అమ్మా చాముండీ,

పైన సరైన ఊరి పేరు రాయడం ఎంత హాయిగా ఉందో. ఆర్మిడేల్ అని రాసిన కిందటి రెండు ఉత్తరాలూ ఇక్కడివే. మీ అక్క రాసుకునే కాగితాల ప్యాడ్ సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాను.

బయల్దేరేరోజు అక్షర కారులో కూర్చుంది, భార్గవ్ సామాను సర్దుతున్నాడు. నేను తాళం వేయబోయి ఆగాను. ట్యాంకు అంకె నిలిచిపోతే నువ్వు విమానమెక్కి వచ్చేస్తావని తట్టింది. లోపలికి వెళ్లి థెర్మోస్టాట్ ఇరవైకి పెట్టి, ఆపకుండా వచ్చేశాను. మనిషి లేని ఇంట్లో రెండు నెలలు గ్యాస్ కాల్చాను. శనివారం సంగతి నాకు తట్టలేదు. ట్రక్కుకి ఫోను చేయాల్సిన వేళకి నాకు ఒంటి మీద తెలివి లేదు. లేకపోతే నువ్వు ఇప్పటికీ కనిపెట్టి ఉండేదానివి కాదు.

ఎందుకు చేశానంటే, ఆ ఎయిర్‌పోర్టు కుర్చీ. ఒక చావుని నువ్వు మోసి, లేవలేక కూర్చున్నావు. ఆరు నెలలు తిరక్కుండా ఇంకో చావుని నీ చేతుల్లో పెట్టడానికి నాకు మనసు రాలేదు. నీకు తెలిస్తే వస్తావు, వస్తే అన్నీ నువ్వే చేస్తావు. నువ్వు నిద్రపోతున్నానని రాసినప్పుడు, నేను చేసిన పని మంచిదే అనిపించింది. ఇప్పుడు నీ కోపం చూస్తే కాదనిపిస్తోంది. ఏది నిజమో నాకు తెలియడం లేదు.

ఇక్కడ వార్డు బాగానే వెచ్చగా ఉంటుంది. ఎవరు వేస్తారో, ఎవరు ఆపుతారో తెలియని వేడి. నాకు ఇంటికి వెళ్లాలని ఉందమ్మా. మందులు ఆపేశారు, ఇక ఇక్కడ చేసేదేమీ లేదు. ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే పంపిస్తామంటున్నారు. అక్షర ఉద్యోగం, పిల్లలు ఇక్కడ. ఇంతదాకా నీకు ఏదీ చెప్పకుండా దాచి, ఇప్పుడు ఇది అడగడానికి సిగ్గుగా ఉంది. అందుకే అడగడం లేదు, ఊరికే చెబుతున్నాను.

ద్వారకానాథ్

*

ఆర్మిడేల్,
ఆగస్టు ఆఖరి ఆదివారం

బావా,

గురువారం మీ మంచం పక్కన నేను మాట్లాడిందేమీ లేదు, ఏడవడమే సరిపోయింది. మీ చెవి మిషను కూడా ఈల వేయకుండా ఊరుకుంది, పాపం. అందుకని మిగతాది ఇక్కడి నుంచి రాస్తున్నాను. అక్షర నన్ను దింపి ఈ సాయంత్రం వెనక్కి వస్తోంది, ఉత్తరం దాని చేతికిస్తున్నాను.

నేను మీ ఇంట్లో ఉన్నాను. సెలవు పెట్టాను. ఎన్నాళ్లని అడగలేదు వాళ్లు, నేనూ చెప్పలేదు.

శుక్రవారం తలుపు తీసేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ. ఆ ట్రక్కు అతను సాయంత్రం వచ్చి, తన దగ్గర మిగిలిన కాస్త గ్యాస్ పోశాడు. హీటర్ వేశాను. జాలీలోంచి మొదట దుమ్ము వాసన వచ్చింది, తర్వాత వెచ్చటి గాలి వచ్చింది. పీట అక్కడే ఉంది. చాలాసేపు దాని చుట్టూ తిరిగాను. ఆఖరికి కూర్చున్నాను. కూర్చోవచ్చు బావా, ఏమీ కాదు. ఏడుపొస్తుంది, కాళ్లు వెచ్చబడతాయి, రెండూ జరుగుతాయి.

మీరు నామీద దయతో అబద్ధమాడారు. ఆ దయ నాకు వద్దు. అక్కని చూసుకున్న ఆ మూడు నెలలు నన్ను కుంగదీశాయని మీరనుకున్నారు. ఆ మూడు నెలలూ అక్క దగ్గర ఉన్నాను కాబట్టే తర్వాత లేచి నిలబడగలిగాను. మీరు అక్కడ నొప్పితో పడుకుని ఉంటే నేను ఫోను చూసుకుని నవ్వుకున్నానే, ఆ రెండు నెలలు నేనేం చేసుకోను?

వార్డు డాక్టరుతో మాట్లాడాను. వచ్చే గురువారం అంబులెన్సులో తీసుకొస్తారు. మంచం హాల్లో వేయిస్తాను, జాలీ పక్కన. నొప్పి మందులు నా చేతిలో పని, మీకు తెలిసిందే. మీరు అడగలేదు కాబట్టి నేను ఒప్పుకోలేదు, ఊరికే చేస్తున్నాను.

ట్యాంకు అంకెని అక్షర ఫోనుకి కలిపాను. దాన్ని రోజూ చూపించమనండి. ఈసారి చూసే వంతు మీది.

ట్రక్కు బుధవారం మళ్లీ వస్తుంది. ఎంత పోయమంటారని అతను అడుగుతున్నాడు. ఇంటి యజమాని మీరు, చెప్పండి.

చాముండి

*

సిడ్నీ,
మంగళవారం

చాముండీ,

చెయ్యి సహకరించడం లేదు. నేను చెబుతుంటే ఉదయశ్రీ అనే తెలుగు నర్సమ్మ రాస్తోంది. తెనాలి వైపు పిల్లట, రాత చక్కగా ఉంది. అక్షర దీన్ని ఫొటో తీసి నీకు పంపుతుంది, టపాకి వేళ లేదు.

ఆదివారం పొద్దున అక్షర అక్కడి నుంచి భార్గవ్‌కి ఫోను చేసి అంకె చెప్పిందట, అతను వచ్చి నాకు చెప్పాడు. ముందురోజుకంటే బాగా ఎక్కువ తగ్గిందన్నాడు. గ్యాస్ ఎక్కడో కారుతోందేమోనని కంగారుపడుతున్నాడు పాపం. కారడం కాదయ్యా, శనివారం రాత్రి మా ఇంట్లో ఎవరో దోసెల పిండి పెట్టారు అన్నాను. నర్సమ్మలు వచ్చి చూశారు, నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక.

గురువారం వస్తాను. నీకు కష్టమే. అయినా వస్తాను.

ట్యాంకు ఎంత పోయించాలని అడిగావు. నిండా వద్దమ్మా. సగం చాలు.

ద్వారకానాథ్

*

ఆర్మిడేల్,
బుధవారం సాయంత్రం

బావా,

మీరు రాయించింది చదివాను. సగం ఎందుకన్నారో నాకు తెలుసు. డాక్టర్ని, మీ కాగితాలన్నీ చూశాను, సగం కూడా అక్కర్లేదేమోనని కూడా తెలుసు.

నిండా పోయించాను. మిగిలితే, ఆ పీట మీద నేను కూర్చుంటాను.

రండి.

చాముండి